బావి నేర్పిన వంపు

మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టిన మరుసటి ఎండాకాలం, బీదరులో పంపుహౌసు రాచయ్య ఒక అబద్ధం ఆడాడు. నలభై దాటిన మనిషి. అలాంటి అబద్ధం చిన్నపిల్లలు కూడా ఆడరు.

రాచయ్య ఊరికి నీళ్లు వదిలే పంపు నడిపేవాడు. పొద్దున మోటారు పని కాగానే పెద్దబావి దగ్గరికి పోయేవాడు. ఎర్రరాయి తొలిచిన గుండ్రటి బావి అది. మా దిక్కు బావి ఈతకు ఒక పద్ధతి ఉంది. గోడను కుడిచేతి పక్కన పెట్టుకొని చుట్లు కొట్టాలి. ఎక్కువ చుట్లు కొట్టినవాడే మొనగాడు. రాచయ్యను ఆ బావిలో మించినవాడు లేడు. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని దిగిన నాటి నుంచి అతనికి తెలిసిన నీళ్లు అవే. మరెక్కడా ఈదలేదు. అది ఒక లోటని అతనికి ఎన్నడూ తోచలేదు.

ప్రభుత్వ నౌకర్లకు బెంగుళూరులో ఆటల పోటీలున్నాయని, నలభై దాటినవాళ్లకు ఈత వేరుగా పెడతారని ఆఫీసులో చెప్పారు. రాచయ్య పేరు ఇచ్చాడు. ఆ సాయంత్రమే బావిగట్టు మీద అందరికీ వినబడేలా అన్నాడు.

"ఫస్టు నాదే. రెండోది ఎవడన్న తీస్కోనీ."

గిద్యోను అక్కడే కూర్చొని ఉన్నాడు. బడిలో డ్రిల్లు మాస్టరు. శిక్షణకు హైదరాబాదు పోయినప్పుడు ఈతకొలనులో పోటీలు చూసి వచ్చాడు. అతని ఈత మాత్రం అంతంతే.

"రాచయ్యన్నా, ఫస్టు సంగతి అవతల పెట్టు," అన్నాడు మెల్లగా. "ఆడ సీదా పోవాలె. అటు ఇటు తాళ్లు కడ్తరు. ఈసారికి తాడు దాటకుండ ఆ కొస ముట్టి రా, సాలు. వచ్చే ఏడు దాని మీద ఇంకోటి అనుకుందం. ఇంకో ముచ్చట గూడ ఉన్నది..."

"కొస ముట్టి వచ్చెటందుకు బెంగుళూరు దాంక పోవాల్నా? బుర్ర లేకుంటె మునిగేటోనివి, నాకు ఈత జెప్తవా పంతులూ?"

గట్టంతా నవ్వింది. గిద్యోను కూడా నవ్వబోయాడు, చేతకాలేదు. చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

బస్టాండులో మేనల్లుడు చంద్రప్ప రాచయ్యకు పూలదండ వేశాడు. పదిమందీ చప్పట్లు కొట్టారు. గెలిచి వచ్చినవాడికి చేయాల్సిన మర్యాదలన్నీ పోకముందే చేసేశారు.

బెంగుళూరు కొలనులో నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఈల ఊదగానే రాచయ్య దూకాడు. కుడివైపు తల తిప్పి ఊపిరి తీస్తూ గోడ కోసం చూశాడు. గోడ లేదు. అటువైపు తాడు కూడా దూరమవుతోంది. భయమేసి బలమంతా చేతుల్లో పెట్టాడు. ఎంత బలం పెడితే ఒళ్లు అంతగా ఎడమకు తిరిగింది. ముప్పై ఏళ్లుగా గుండ్రంగా తిరిగిన ఒళ్లు అది. ఎడమవైపు తాడు కింద దూరి పక్కవాడి దారిలో తేలాడు. పక్కవాడు ఎక్కడిదో ఆఫీసులో గుమాస్తా. రాచయ్య తల నేరుగా వాడి బొజ్జకు తగిలింది. మళ్లీ ఈల మోగింది. గట్టు మీద జనం విరగబడి నవ్వారు. "ఏ బీదరు! తిరిగి మీ ఊరికేనా?" అని ఎవరో కన్నడంలో కేక వేశారు. రాచయ్యను పోటీలోంచి తీసేశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దాకా రాకుండా ఊరి బయటే దిగి, సందులు పట్టి ఇల్లు చేరాడు. భార్య గుండమ్మ అతని ముఖం చూసి, చేతికి నీళ్ల చెంబు ఇచ్చింది. కానీ పంపుకు పోక తప్పదు, పంపుకు దారి బావి పక్కనుంచే. చంద్రప్ప ఎదురొచ్చాడు.

"మామా, ఏమాయె? ఫస్టేనా?"

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో రాచయ్యకే తెలియదు.

"వాన పడ్డది. పోటీ ఆపేసిన్రు."

చంద్రప్ప నోరు తెరిచి నిలబడ్డాడు.

"వానకా? ఈదెటోళ్లు తడుస్తరనా మామా?"

గట్టు మీద మగవాళ్లు నవ్వారు. నీళ్లు చేదుతున్న ఆడవాళ్లు నవ్వారు. "ఛత్రి వట్టుకొని ఈదకపోయినవా రాచయ్యా!" అన్నది శరణమ్మ, కడవ నెత్తిన పెట్టుకుంటూ.

గిద్యోను నవ్వలేదు. "ఉరుములు మెరుపులుంటె ఆపుతరు. పిడుగు వడ్తదని," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. నవ్వులు కొంచెం తగ్గాయి. రాచయ్యను మాత్రం ఆ నవ్వులకన్నా ఈ మాట ఎక్కువ కాల్చింది. తాను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషే తన అబద్ధానికి గోడ కడుతున్నాడు.

ఆ తర్వాత రాచయ్య బావిలో దిగలేదు.

"ఎవరి మీద కోపం?" అన్నది గుండమ్మ ఒకనాడు.

"కోపం లేదు. సిగ్గు."

"సిగ్గుకు ఇంట్ల కూసుంటె ఏమొస్తది? ఎవరి తాన సిగ్గో ఆడికి పో."

ఆదివారం చర్చి వదిలాక రాచయ్య గిద్యోను వాళ్ల ఇంటికి పోయాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"వాన పడలే."

"ఎరుక."

"ఎడమకు పోయిన. తాడు దాటిన."

"బావిల తిరిగినోళ్లు ఎడమకే పోతరన్నా."

"మరి గా ముచ్చట ముందే జెప్పకపోతివి?"

"చెప్పనిచ్చినవా?"

రాచయ్య కుర్చీలో కూర్చున్నాడు. "ఇప్పుడు జెప్పు."

వానలు పడ్డాక ఊరి బయట, ఎర్రరాయి కోసి వదిలేసిన గుంత నిండింది. నిటారు గోడలతో పొడుగ్గా, పెట్టెలా ఉంటుంది. గిద్యోను అవతలి కొసన గట్టు మీద టవలు పరిచాడు.

"జోరు వద్దు. దీని కిందనే తేలాలె. అంతే నీ పని."

మొదటిసారి రాచయ్య ఎడమ గోడకు గుద్దుకొని మోచెయ్యి గీరుకున్నాడు. "టవలు ఇటు జరుపరాదూ," అన్నాడు రొప్పుతూ.

"అది ఆడనే ఉంటది. నువ్వే రా."

ఎడమవైపు తల తిప్పి ఊపిరి తీయడం నేర్చుకునేసరికి చలికాలం వచ్చింది. టవలు ఒకనాడు అందేది, మరునాడు అందేది కాదు.

ఎండాకాలానికి ఆఫీసులో మళ్లీ పేర్లు అడిగారు. ఆ సాయంత్రం రాచయ్య బావిగట్టు ఎక్కాడు.

"మామా, మల్ల ఫస్టేనా?" అన్నాడు చంద్రప్ప. "ఛత్రి తెచ్చియ్యాల్నా?"

నవ్వులు ఆగేదాకా రాచయ్య ఆగాడు.

"నాడు వాన పడలే. నేను తాడు దాటిన, తీసేసిన్రు. గిద్యోను ముందుగాలనే జెప్పవోతె నలుగురి ముందట తీసిపారేసిన. తప్పు నాది." గట్టు మీద కూర్చున్న గిద్యోను వైపు చూశాడు. "ఈసారి తాడు దాటకుండ కొస ముడ్త."

"అంతేనా?" అన్నాడు చంద్రప్ప, ఇంకా ఏదో ఉందని ఎదురుచూస్తూ.

"అంతే."

ఫస్టు నాదే అన్ననాడు ఆ మాట ఎంత తేలికగా వచ్చింది! ఈ చిన్న మాటకు వీపంతా చెమట పట్టింది. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. గిద్యోను చెప్పులు పక్కకు తీసి, గట్టు మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. రాచయ్య వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు.