డబ్‌స్టెప్‌ను నిషేధించిన సెక్రెటరీ

మా అపార్టుమెంటు నోటీసు బోర్డు మీద నేను పేరు పెట్టి మరీ డబ్‌స్టెప్ అనే సంగీతాన్ని నిషేధించాను. ఈ దేశంలో ఇంకెవరైనా ఈ పని చేశారో లేదో తెలియదు. చేసి ఉంటే వాళ్ళతో ఒకసారి కూర్చుని కాఫీ తాగుతూ ఏడవాలని ఉంది. "సాయంత్రం పూట గట్టిగా పాటలు పెట్టకండి" అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. కానీ ఆ వాక్యంలో నా తెలివి ఎక్కడ కనిపిస్తుంది?

అసలు నేను సెక్రెటరీ కావడమే నా ప్రమేయం లేకుండా జరిగింది. బెంగళూరు మారతహళ్ళిలో మాది నలభై ఎనిమిది ఫ్లాట్ల భవనం. ఏటా జరిగే సర్వసభ్య సమావేశానికి ఎవరు రాకపోతే ఆ ఏడాదికి వాళ్ళే సెక్రెటరీ అన్నది ఇక్కడి ఆచారం. వచ్చినవాడు వద్దంటాడు, రానివాడు అనలేడు కదా. ఆ ఆదివారం నేను పంటి డాక్టరు దగ్గర ఉన్నాను. నోరు పూర్తిగా తెరిచి ఉండి కూడా కాదనలేని స్థితిలో ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

మా ఆవిడ పదకొండేళ్ళుగా సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పిల్లలకు సంగీతం చెబుతోంది. కరోనా రోజుల్లో ఫోనులోకి మారిన క్లాసు అందులోనే ఉండిపోయింది. ఆవిడ శ్రుతిపెట్టె ఆన్ చేసి కూర్చుంటే, పన్నెండు చిన్న గళ్ళలోంచి పన్నెండు మంది పిల్లలు సరళీ స్వరాలు అందుకునేవారు. అలాంటి ఇంటి మీది ఫ్లాటులోకి గుంటూరు కుర్రాడు ఒకడు అద్దెకు దిగాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఏదో స్టార్టప్‌కి ఇంట్లోంచే పనిచేస్తాడు. సరిగ్గా ఐదింటికి ల్యాప్‌టాప్ మూస్తాడు, స్పీకర్లు తెరుస్తాడు. కింద మా ఆవిడ 'స' అనగానే పైన ఏదో పెద్ద యంత్రం కడుపునొప్పితో మెలికలు తిరిగేది. అల్మరాలో గ్లాసులు, ఫ్యాను రెక్కలు, కొత్తగా కట్టించుకున్న నా పన్ను అన్నీ దానికి తాళం వేసేవి.

"పైకెళ్ళి ఆ ఒక్క గంటా ఆపమని అడిగి రావచ్చు కదా" అంది మా ఆవిడ.

"సెక్రెటరీ అడగడు. నోటీసు ఇస్తాడు" అన్నాను.

పాట వినిపిస్తే వివరాలు చెప్పే యాప్ ఒకటి ఫోనులో ఉంది. దాన్ని సీలింగు కేసి పట్టుకుంటే ఏదో పాట పేరు చెప్పి, కింద 'డబ్‌స్టెప్' అని చూపించింది. శత్రువు పేరు దొరికిన ఆనందంలో నెలవారీ మీటింగులో తీర్మానం పెట్టి, చేతులెత్తించి, "ఈ ఆవరణలో డబ్‌స్టెప్ సంగీతం నిషేధించడమైనది" అని మూడు భాషల్లో అతికించాను.

మర్నాడు ఐదింటికి మళ్ళీ అదే మోత. మెట్లెక్కి వెళ్ళాను. కుర్రాడు ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు.

"నోటీసు చూశా అంకుల్. చూసిన దగ్గర్నుంచీ డబ్‌స్టెప్ టోటల్‌గా ఆపేశా."

"మరి ఇదేంటి బాబూ?"

"ఇది డబ్‌స్టెప్ ఏంటంకుల్! ఎవరన్నా వింటే నవ్వుతారు. డబ్‌స్టెప్ పుట్టింది సౌత్ లండన్‌లో, ఈ సెంచరీ మొదట్లో. చిన్న గది, చీకటి, పెద్ద స్పీకర్లు, అంతే. బోలెడంత ఖాళీ ఉంటుంది మ్యూజిక్‌లో. బేస్ అనేది చెవికి కాదు, ఛాతీకి వినపడాలి. ఉండండి, ఒకటి పెడతా."

పెట్టాడు. బాగుంది. నీళ్ళ ట్యాంకు అడుగున ఎవరో తీరిగ్గా మద్దెల వాయిస్తున్నట్టు ఉంది. కిందికి వచ్చేసరికి మా ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఇప్పుడు పెట్టింది భలే ఉందండీ. తంబురాలాగా కింద ఆనుకుని ఉంది. రోజూ అదే పెట్టుకోమనండి."

"కుదరదు" అన్నాను. "నేను నిషేధించింది దాన్నే."

మా సంఘం అధ్యక్షుడు ఏదో ప్రభుత్వ కార్యాలయంలో రిటైరైన పెద్దమనిషి. మూడు తరాలుగా బెంగళూరే. ఆయన దగ్గరికి వెళ్ళి, డబ్‌స్టెప్ కొట్టేసి 'గట్టి చప్పుడు' అని రాద్దామన్నాను.

"గలాటా చేయకూడదు అని రాస్తే ఎట్లప్పా? నాలుగో అంతస్తు కుక్కరుండాది, రెండో అంతస్తు మిక్సీ ఉండాది, మా మనవడు ఉండాడు. అందరినీ ఆపేదానికి అవుతుందా? పేరు పెట్టి రాయి. పేరుంటే కేసు గట్టిగా ఉంటాది. అది కూడా మొదటి ఆదివారం మీటింగులోనే మార్చాల. నడిమధ్య నోటీసు ముట్టుకునేదానికి లేదు."

అంటే ఒక్కో పేరు మార్చడానికి ఒక్కో నెల. ఆ నెలంతా నేను చదువుకున్నాను. పరీక్షలకు కూడా అంత చదవలేదు. లండన్‌లో ఛాతీ దగ్గర ఉన్న బేస్, అట్లాంటిక్ దాటేసరికి గొంతులోకి ఎక్కి గుర్రుమనడం మొదలుపెట్టిందట. పాతవాళ్ళకి ఒళ్ళు మండి, ఇది టోపీలు తిప్పి పెట్టుకుని గెంతే కుర్రాళ్ళ సంగీతమని వెక్కిరిస్తూ 'బ్రోస్టెప్' అన్నారట. పైన మోగేది అచ్చం అలాగే ఉంది. సవరించి అతికించాను.

ఈసారి కుర్రాడే కిందికి దిగి వచ్చాడు. నిజంగా నొచ్చుకున్నాడు.

"అంకుల్, అది తిట్టు. బ్రోస్టెప్ చేస్తున్నానని ఎవరూ చెప్పుకోరు. ఎప్పుడూ పక్కవాడు వినేదే బ్రోస్టెప్."

మన పద్యాల్లో జాతులు, ఉపజాతులు అని చిన్నప్పుడు బట్టీ పట్టాను. ఆటవెలది, తేటగీతి, సీసం, అక్కడితో అయిపోయేవి. వీళ్ళ ఉపజాతులు మాత్రం వారానికొకటి పుడతాయి. పుట్టిన మరుక్షణం నుంచి అన్నగారి పక్కన విస్తరి వేసుకోవు. చెవికి రెండూ ఒకే తల్లి బిడ్డలు. ఆ మాట మాత్రం పైకి అనకూడదు. సంగీతానికి కులం లేదన్నవాళ్ళు మా పై ఫ్లాటులో ఒక సాయంత్రం కూర్చుంటే బాగుండేది.

మూడో నెల 'రిడిమ్' మీద పడ్డాను. జమైకాలో ఒకే వాద్య సంగీతం మీద పదిమంది పది పాటలు కట్టుకుంటే ఆ వాద్య సంగీతాన్ని అలా అంటారట. అక్కడినుంచి ఆ మాట చేతులు మారి మారి, ఒకే గుర్రు యాభైసార్లు వరసగా వినిపించే ఈ సంగీతం మీద వచ్చి కూర్చుంది. మీటింగులో భజన మండలి వాళ్ళు అడ్డం తిరిగారు.

"రిథమ్ వద్దంటే మా శనివారం భజన ఎట్ల సార్? చిడతలు ఇంట్లో పెట్టి రావాలా?"

నలభై నిమిషాల చర్చ తర్వాత, భజనలకు మినహాయింపుతో తీర్మానం నెగ్గింది. నెగ్గిన సాయంత్రమే కుర్రాడు లిఫ్టులో కలిసి, "నేను టియరౌట్‌కి షిఫ్ట్ అయిపోయా అంకుల్" అన్నాడు. అది అంతకుముందు డ్రమ్ అండ్ బేస్ అనే ఇంకో జాతి సంగీతం వాళ్ళు వాడుకున్న మాటట. చీల్చి పారేయడం అని అర్థమట.

చీల్చింది మా ఆవిడ క్లాసును. పన్నెండు గళ్ళు ఐదయ్యాయి. "మేడమ్, మీ ఇంట్లో బోరు వేస్తున్నారా?" అని ఒక తల్లి అడిగింది. ఇంకొకామె అడగకుండానే మానిపించింది. ఆ రోజు మా ఆవిడ శ్రుతిపెట్టెకు గుడ్డ కప్పుతూ, గొంతు పెంచకుండానే అంది: "ఇంకొక్కరు మానేస్తే నేనూ మానేస్తాను. ఒక్కో అరుపుకీ మీరు పేరు కనిపెట్టేలోగా నాకు పిల్లలు మిగలరు."

ఆ మాటకి సెక్రెటరీగిరీ పక్కన పెట్టి పైకి వెళ్ళాను. "ఒక్క గంట బాబూ. ఐదు నుంచి ఆరు. పిల్లల క్లాసు" అన్నాను.

"నోటీసు ప్రకారమే నడుచుకుంటున్నాను కదా అంకుల్" అన్నాడు, మర్యాదలో ఏ లోటూ లేకుండా.

రెండు వారాల తర్వాత అతనే ఒక దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. శనివారం నాలుగున్నరకు క్లబ్‌హౌస్ కావాలి. తొలి లైవ్ ప్రదర్శన. హెచ్‌ఎస్‌ఆర్ నుంచి స్నేహితులు వస్తారు, అందరూ ఈ సంగీతంలో పండిపోయినవాళ్ళు.

"బోర్డు మీద పేరు మాత్రం కరెక్ట్‌గా రాయండంకుల్, ప్లీజ్. మావాళ్ళు లేబుల్ దగ్గర చాలా పర్టిక్యులర్."

క్లబ్‌హౌస్ కార్యక్రమాల ప్రకటన రాయడానికి మీటింగు అక్కర్లేదు. అది సెక్రెటరీ సొంత దస్తూరీ. నాకున్న ఒకే ఒక్క అధికారం. రాశాను: "ఈ శనివారం మన పై అంతస్తు యువ కళాకారుడి లలిత సంగీత విభావరి. పెద్దలు, పిల్లలు తప్పక రాగలరు. చాపలు తెచ్చుకోగలరు." కింద ఎర్ర స్కెచ్‌పెన్నుతో, పెద్ద అక్షరాల్లో, 'లైట్ మ్యూజిక్'. ఒకటి గేటు బయట, ఒకటి లిఫ్టు పక్కన.

నాలుగు దాటేసరికి భజన మండలి మొదటి వరసలో చాపలు పరిచేసింది. అధ్యక్షుడు శాలువాతో వచ్చాడు. పుర్రెల బొమ్మలున్న నల్ల టీషర్టులు గేటు దగ్గరే ఆగిపోయి, ఒకరి తర్వాత ఒకరు ప్రకటనకు ఫొటోలు తీసుకున్నారు.

"లైట్ మ్యూజిక్ ఆ? ఎప్పట్నుంచి మామా?" అని ఒకడు కుర్రాడిని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

కుర్రాడు నన్ను లిఫ్టు దగ్గరికి లాక్కెళ్ళాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంకుల్, పరువు పోతోంది. ఇది తీసేయండి. టియరౌట్ అని రాయండి. పోనీ రిడిమ్. అసలు బ్రోస్టెప్ అని రాసినా పర్లేదు అంకుల్!"

"ఈ పేర్లు నాకు పట్టుబడలేదు బాబూ. ఐదు నుంచి ఆరు దాకా అంటే మాత్రం తెలుసు."

గేటు దగ్గర ఫొటోలు తీస్తున్నవాళ్ళ కేసి ఒకసారి చూశాడు.

"రోజూనా?"

"రోజూ."

"ఓకే అంకుల్. ప్రామిస్."

అతని కళ్ళముందే లిఫ్టు పక్కనున్న కాగితం పీకి మడిచి జేబులో పెట్టుకున్నాను. లోపల శాలువాలూ చిడతలూ చూసి ధైర్యం చాలలేదేమో, ఆ పాత లండన్ సంగీతమే పెట్టాడు. నేను నిషేధించిన దాన్ని మా అధ్యక్షుడు అరగంట పాటు తల ఊపుతూ విన్నాడు. "చానా హాయిగా ఉండాదప్పా" అని కుర్రాడి భుజం తట్టి వెళ్ళాడు.

మాట మీద నిలబడ్డాడు. ఐదు నుంచి ఆరు దాకా పైన ఇప్పుడు చడీచప్పుడూ ఉండదు. మా ఆవిడ ఫోనులో గళ్ళు మళ్ళీ ఎనిమిదయ్యాయి. గేటు బయటి కాగితం గురించి మాత్రం అతను అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఏ ఆదివారమైనా అతని స్నేహితులు బండి ఆపేది దాని ముందే. వానలు మొదలయ్యాయి కదా అని, నిన్న దానికి ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి, నాలుగు మూలలా టేపు వేసి వచ్చాను.