గోడకేసి తిరిగి

తెలంగాణ ఉద్యమం రోజులు. నేను తార్నాకలో, యూనివర్సిటీకి ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. నాకు చెవులు సరిగ్గా వినపడవని అప్పటికి ఇంట్లోనూ తెలియదు, నాకూ తెలియదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేదాన్ని. టీచర్ బోర్డు వైపు తిరిగి ప్రశ్న అడిగితే నోరు మెదిపేదాన్ని కాదు. ఆవిడ దానికి పొగరని పేరు పెట్టి, నన్ను గోడకేసి తిప్పి నిలబెట్టేది.

ఆ రోజూ అలాగే నిలబడి ఉన్నాను. క్యాంపస్‌లో పోలీసులు టియర్ గ్యాస్ పేల్చారు. నాకు గోడ కొంచెం అదిరినట్టు అనిపించిందంతే. కాసేపటికి కళ్ళు మండి, దగ్గొచ్చి వెనక్కి తిరిగాను. గది నిండా పొగ. క్లాసులో ఒక్కరూ లేరు. టీచర్ చూస్తే కొడుతుందని భయపడి, మళ్ళీ గోడవైపే తిరిగి ఏడుస్తూ నిలబడ్డాను.

చప్పుడు విని ఇంటి నుంచి ఉరికొచ్చిన అమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నన్ను బయటికి లాక్కొచ్చింది. గేటు దగ్గర టీచర్, "చూసిన్రా! బయటికి పొమ్మని గంత మొత్తుకున్నా ఇది కదలలే. ఎంత పొగరో!" అన్నది.

అమ్మకు అక్కడే అనుమానం వచ్చింది. డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులూ బాగా తక్కువ వినపడుతున్నాయన్నాడు.

"ముందు బెంచీల కూసోబెట్టుండ్రి సార్, గంతే సాలు" అని హెడ్మాస్టరును అమ్మ బతిమాలింది.

"అసొంటి పిల్లలకు వేరే బడులున్నయమ్మా. గీడ కష్టమైతది" అని ఆయన టీసీ చేతిలో పెట్టాడు.

పొగరుబోతు పిల్లననుకున్నన్నాళ్ళు ఆ బడిలో నాకు కనీసం గోడ దగ్గరైనా చోటుండేది. చెవుడని తెలిశాక అదీ లేకుండా పోయింది.