ట్యాంకు అంచున యాదమ్మ

1998 వేసవి. పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో, అంటే అత్యవసర కేసులు వచ్చే గదిలో, స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. చుట్టూ ఫ్యాక్టరీలే కాబట్టి యాసిడ్ పడి కాలినవాళ్ళు, మిషన్లో వేళ్ళు పోయినవాళ్ళు మాకు కొత్త కాదు. ఆ ఉదయం మాత్రం కిష్టారెడ్డిపేట నుంచి ఒక ఇంటి కేసు వచ్చింది.

మంచం మీదున్నది అంజయ్య, మందుల ఫ్యాక్టరీలో హెల్పరు. డాక్టరు గారు చూసి ‘బ్రాట్ డెడ్’ అని రాశారు. మా దగ్గరికి చేరేలోపే ప్రాణం పోయిందని అర్థం. పక్క మంచం మీద అతని తమ్ముడు నర్సింలుకు ఆక్సిజన్ పెట్టాం.

జరిగింది అంజయ్య భార్య యాదమ్మ చెప్పింది. ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు నిండి మరుగుదొడ్డి పొంగుతోంది. ట్యాంకరును పిలిచి లాగిద్దామని ఆమె అంటే అంజయ్య నవ్వాడట. ఫ్యాక్టరీ మాస్కు ఇంట్లోనే ఉంది. “రసాయనాల కాడనే నాకేం గాలె, గీ బొంద ఎంత?” అన్నాడట. మూత తీసి, కాసేపు గాలి ఆడనిచ్చి, మాస్కు కట్టుకుని, అడ్డుపడిన పైపును పొడవడానికి నిచ్చెన దిగాడు. సగం దిగాడో లేదో చేతులు వదిలేశాడు. నర్సింలు దిగబోతే యాదమ్మ మరిది నడుము పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ మట్టిలో పడ్డా వదల్లేదు. ఫైరింజన్ వచ్చాక, వీపున గాలి సిలిండరు కట్టుకున్న మనిషి దిగి అంజయ్యను పైకి తెచ్చాడు.

యాదమ్మ అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుని అదే మాట తిప్పి తిప్పి అంటోంది. చిన్నోడు దిగితే పెద్దోడు బతికేవాడని, మొగుణ్ని తీయనియ్యని పెండ్లాన్ని తాను ఎక్కడా చూడలేదని. వచ్చినవాళ్ళెవరూ కాదనలేదు.

యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. “సిస్టరమ్మా, నేను ఇడ్సిపెడితే ఆయన బతుకుతుండెనా? నిజం జెప్పు.”

ముసలామెకు వినపడేలా చెప్పాను. మాస్కు ముందుండే డబ్బాను క్యానిస్టర్ అంటారు. అది కొన్ని ఆవిర్లను వడకడుతుందే తప్ప ఆక్సిజన్ ఇవ్వదు. ట్యాంకులో పీల్చడానికి ఆక్సిజనే ఉండకపోవచ్చు. అక్కడి విషవాయువు ఎక్కువైతే వాసన కూడా తెలియదు. మూత కాసేపు తెరిచినంత మాత్రాన అది పోదు. “వదిలిపెడితే ఇద్దరూ పోయేవాళ్ళమ్మా” అన్నాను.

“నీకేమెర్క బిడ్డా” అంది అత్తగారు.

అప్పుడు నర్సింలు ముక్కు మీది గొట్టం పక్కకు జరిపాడు. “మూత కాడ వంగంగనే నాకు కండ్లు దిరిగినయవ్వా. వదిన గుంజకుంటె నేను గూడ అండ్లనే పడుతుంటి.”

ముసలామె కొడుకు ముఖం చూసింది. కోడలి వైపు మాత్రం చూడలేదు. శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు కూడా యాదమ్మ అందరికీ వెనకగా, ఒక్కతే నడిచింది.

అది జరిగి రెండేళ్ళయింది. ఇప్పుడు మా పాప నడక నేర్చుకుంటోంది. ఈ కిరాయి ఇంటి వెనక ట్యాంకు మూత కదులుతోందని ఓనరుతో పోట్లాడి సిమెంటు పెట్టించాను. చుట్టుపక్కల వాళ్ళకూ చెబుతుంటాను: ఏ మాస్కు ఉన్నా ట్యాంకులోకి దిగొద్దు, ట్యాంకరునే పిలవండి. ఎవరైనా పడితే ఫైర్ వాళ్ళకు ఫోను చెయ్యండి. వెంట దిగబోయే మనిషిని గట్టిగా పట్టుకోండి. మిమ్మల్ని ఎవరూ మెచ్చుకోరు, తిడతారు కూడా. అయినా వదలొద్దు.