పెద్దమ్మ కుట్టుమిషను చప్పుడు

మా పక్కింటి పెద్దమ్మ మొన్న గురువారం పొద్దున కన్నుమూసింది. ఆ కబురు నాకు దవాఖాన నుంచి మా అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. అక్కడే పీజీ చేస్తున్న డాక్టరు అది. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. అంత దుఃఖంలోనూ నాకు మొదట తోచింది ఒకటే: నేను పోతే ఇంతగా ఏడుస్తుందా?

హసన్‌పర్తిలో మాకూ ఆమెకూ మధ్య పిట్టగోడే అడ్డం. ఆమె తన ముందుగదిలో జాకెట్లు కుట్టేది. రాత్రీ పగలూ కలిపి డ్యూటీ చేసి అమ్మాయి ఇంటికొస్తే నేను టీవీ ఆపేదాన్ని, కుక్కర్ పెట్టేదాన్ని కాదు. అయినా దానికి నిద్ర పట్టేది కాదు. "ఇంత సప్పుడు లేకుంటే, ఇప్పుడే వార్డు నుంచి ఫోన్ వస్తదేమో అనిపిస్తాంది మమ్మీ" అంటూ దిండు పట్టుకుని అవతలికి పోయేది. మిషను పక్కన చాప మీద, ఆ టకటకల్లో మొద్దునిద్ర పోయేది.

"నీ పోరిని గుంజుకున్ననని కోపమా బిడ్డా?" అని పెద్దమ్మ నవ్వేది.

"మీ మిషన్ల ఏం మందు పెట్టిన్రో!" అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని గానీ, లోపల నవ్వు ఉండేది కాదు.

ఒక ఆదివారం చర్చి గంట మోగినా ఆమె మిషను ఆగలేదు. ఎందుకా అని గోడ దగ్గరికి వెళ్లాను. "నేను పోకుంటే ప్రార్థన ఆగదు గని, మిషన్ ఆగితే పిల్ల లేస్తది" అంది. చూస్తే సూది కింద గుడ్డే లేదు. ఒట్టి మిషను తొక్కుతోంది.

ఇంకోసారి గోడ అవతల నుంచి అమ్మాయి గొంతు వినబడింది. "అమ్మమ్మా, నిన్న ఒక పేషెంట్ పోయిండు. నాకు ఏడుపే రాలే. నేను డాక్టర్‌గ పనికి రాను, సీటు ఇడిసిపెడ్త." నాకెప్పుడూ చెప్పని మాట. పెద్దమ్మ నాలాగా ప్రశ్న మీద ప్రశ్న వేయలేదు.

"ఏడుపు యాడికి పోతది బిడ్డా? అది గూడ అలిసింది. జర పండనియ్యి."

ఆ ఏడుపు గురువారం లేచింది, ఆమె కోసమే. నా బిడ్డను సీటులో నిలిపింది ఆమేనని తెలుసు. కృతజ్ఞత ఉంది. అసూయ మాత్రం పోయిందని చెప్పలేను.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆమె కొడుకు మిషను తెచ్చి మా ఇంట్లో దించాడు. "డాక్టరమ్మకు ఇయ్యమన్నది అక్కా" అన్నాడు. అదీ దానికే, నాకు కాదు.

నిన్న డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయి చెప్పులైనా విప్పకుండా మిషను పక్కన ఒరిగింది. నాకు కుట్టడం రాదు. అయినా కూర్చుని తొక్కాను. చక్రం వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మ ఇట్ల తొక్కదు" అంది కళ్లు మూసుకునే.

"తెలుసు. పండుకో."

దారం లేని సూది పైకీ కిందికీ ఆడుతోంది. నిద్రపోయిందో లేదో వంగి చూడాలంటే కాలు ఆపాలి. ఆపలేదు.