బ్రైడీ చలికోటు

గుర్రం బొచ్చు గొరగడమంటే క్షవరం లాంటిదే కదా అని ఎవరైనా అంటే మోసీ క్విలిగన్‌కు ఒళ్ళు మండేది. క్షవరం చేయించుకున్నవాడు టోపీ పెట్టుకుని తన దారిన తాను పోతాడు, గుర్రం అలా పోలేదు. అక్టోబరు చల్లబడగానే దేవుడు దానికి దట్టమైన కోటు మొలిపిస్తాడు. ఆ కోటుతో నక్కల వేటకు పరుగెత్తితే చెమటలో తడిసి ముద్దయిపోతుంది, ఇంటికొచ్చి వణికి జబ్బు పడుతుంది. అందుకే వేటగుర్రానికి ఆ కోటు గొరిగేస్తారు. గొరిగినవాళ్ళు మళ్ళీ మే నెల వచ్చేదాకా దాన్ని కొట్టంలో ఉంచాలి, రగ్గు కప్పాలి, మోకాలి లోతు గడ్డి పరవాలి. “దాని కోటు నువ్వు తీసుకున్నావు. ఇక దాని చలి సంగతి కూడా నువ్వే చూసుకోవాలి” అని మోసీ పనికి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. వాళ్ళు వినేవాళ్ళు కాదనుకోండి, అయినా చెప్పేవాడు.

లిమరిక్ జిల్లాలో ఓడెల్ దొరసాని గుర్రాల సాలలో అతని జీవితమంతా గడిచిపోయింది. తల్లి ఆ ఇంట్లోనే పాలు పితికేది. మోసీ పసితనంలో వాకిట్లో పడుకోబెడితే గుర్రాలు తల వంచి వాసన చూసి పోయేవట. వయసులో ఉండగా కిల్మాలక్ ఊరి పిల్ల ఒకతె అతని మీద మనసు పడింది. శనివారాలు డాన్సుకు రమ్మని పిలిచేది. చలికాలం శనివారమంటే వేట రోజు. వేట నుంచి వచ్చిన గుర్రాలను తుడిచి, చెవులు ఆరేదాకా చేత్తో రుద్ది, వేడి తవుడు కలిపి పెట్టేసరికి డాన్సూ అయిపోయేది, పిల్లా ఇంటికి పోయేది. వసంతం వచ్చి మోసీకి తీరిక చిక్కే వేళకు ఆ పిల్ల పాల డిపో గుమాస్తాను చేసుకుంది. “నీ దగ్గర గుర్రం కంపు కొడుతోంది మోసీ” అని పోతూ పోతూ ఒక మాట అనిపోయిందట. మోసీ దాన్ని తిట్టుగా తీసుకోలేదు. అక్కడే అతనితో వచ్చింది చిక్కు.

అతనికి ప్రాణం బ్రైడీ. ముదురు గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద నాణెమంత తెల్లమచ్చ. పుట్టిన పూటే తల్లి చచ్చిపోతే మోసీయే సీసాతో పాలు పట్టి పెంచాడు. పెద్దయ్యాక దొరసానిని వీపు మీద మోసుకుని కంచెలూ కాలవలూ ఎన్ని దూకిందో లెక్క లేదు, ఒక్కసారి కూడా పడెయ్యలేదు. రొమ్ము దగ్గర గొరిగేటప్పుడు గడ్డం మోసీ భుజం మీద ఆనించి, అతని చెవిలోకి బుస్సుమని ఊపిరి వదులుతూ నిలబడేది. అది నిద్రపోతున్నదో గొరిగే మిషను శబ్దం వింటున్నదో ఎవరికీ తెలియదు. భుజం పడిపోతున్నా మోసీ కదిలేవాడు కాదు.

దొరగారు పోయారు. దొరసాని మోకాలు విరిగింది. సాల నడపడం ఇక ఆమె వల్ల కాలేదు. డబ్లిన్ ఆసామి ఎవరో ఇల్లూ పొలమూ కొన్నాడు. నవంబరు ఆఖరుకు తాళాలు అప్పగించాలి. గుర్రాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. మోసీ తన బట్టలు సర్దుకుని లిమరిక్ పట్నంలో అక్క ఫిలోమినా దగ్గరికి పోవాలి. మేడ మీద ఒక్క గది, కిటికీ తెరిస్తే చర్చి గోడ. అదంతా అతను దిగమింగుకున్నాడు. ముసలిదైపోయిన బ్రైడీని మాత్రం కొనేవాడెవడూ రాలేదు.

అక్టోబరు చివర్లో ఒక ఉదయం దొరసాని కర్ర పోటేసుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

“మోసీ, ఈ ఏడు బ్రైడీని గొరగొద్దు.”

“సరేనమ్మా” అన్నాడు మోసీ.

అంతే మాట. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దొరసానులకు కారణం చెప్పే అలవాటు ఉండదు, పనివాళ్ళకు అడిగే అలవాటు ఉండదు. ఆ సీమలో సగం కొంపలు ఇలాగే మునిగాయి.

ముసలి వేటగుర్రాన్ని గొరగొద్దన్నారంటే దానికి ఆ చలికాలం లేదని అర్థం. అది ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోళ్ళు కూసే వేళ దాన్ని వేటకుక్కల దొడ్డికి నడిపించుకుపోతారు. అక్కడ తుపాకీ ఒక్కసారి పేలుతుంది. ఇన్నేళ్ళూ ఏ కుక్కల వెంట పరుగెత్తిందో వాటికే ఆహారమవుతుంది. దాన్ని పాపమని అక్కడెవరూ అనుకోరు. ముసలిదాన్ని చేతులు మారే సంతలకు తోలడం కంటే అదే మర్యాద అనుకుంటారు. మోసీ కూడా అలాగే అనుకునేవాడు, ఎన్నిటినో తనే తీసుకెళ్ళాడు. బ్రైడీ వంతు వచ్చేసరికి ఆ మర్యాద అతని గొంతులో అడ్డం పడింది.

శనివారం మధ్యాహ్నం దాకా ఆలోచించాడు. దొరసానిని అడగొచ్చు. అడిగితే ఆమె నోటితో ఆ మాట వినాలి. ఒకసారి విన్నాక ఇక దాటడానికి ఉండదు. మరి గొరిగేస్తే? గొరిగిన గుర్రాన్ని వారం తిరక్కుండా కుక్కల దొడ్డికి పంపినవాళ్ళు ఆ జిల్లాలో లేరు. గొరగడమంటే మాటివ్వడం. ఓడెల్ దొరసాని గుర్రాలు తెలిసిన మనిషి, సిగ్గున్న మనిషి, ఏదో ఒక దారి చూస్తుంది. అన్నేళ్ళ కొలువులో మొదటిసారి మోసీ ఆమె మాట దాటాడు.

బ్రైడీని తెచ్చి కట్టి, దువ్వి, మట్టి రాల్చాడు. సుద్దముక్కతో కాళ్ళ మీద గీతలు గీశాడు. ముళ్ళూ బురదా తగలకుండా కాళ్ళ బొచ్చు వదిలెయ్యాలి. వీపు మీద జీను పెట్టి దాని చుట్టూ గీశాడు. జీను ఒరుసుకోకుండా అంతమేర బొచ్చు వదులుతారు. ఇక ఎవరూ ఎక్కని గుర్రానికి జీను మచ్చ ఎందుకు? అతని చెయ్యి ఊరుకోలేదు, గీసేసింది. మిషను మెడ దగ్గర మొదలుపెట్టి, బొచ్చుకు ఎదురు నడిపాడు. గొరిగిన మేరకల్లా రగ్గు జరుపుతూ కప్పుకుంటూ వచ్చాడు. మిషను వేడెక్కినప్పుడల్లా ఆపి, నూనె వేసి, తన చెంపకు ఆనించి చూసుకున్నాడు. రొమ్ము దగ్గరికి వచ్చేసరికి బ్రైడీ ఎప్పటిలాగే గడ్డం తెచ్చి అతని భుజం మీద పెట్టింది.

“ఊరుకోవే ముసలిదానా, బరువు” అన్నాడు మోసీ. “నిన్ను ఎవడూ తీసుకుపోడు. నేను చూస్తాగా.”

అయ్యాక వేడినీళ్ళలో తువ్వాలు పిండి ఒళ్ళంతా తుడిచాడు. మెత్తటి కంబళి ఒకటి, దాని మీద గోనె రగ్గు కప్పి నడుం పట్టీ బిగించాడు. కొట్టంలో గడ్డి మందంగా పరిచి గోడల వెంట గట్టులా ఎత్తి పెట్టాడు. రాలిన బొచ్చంతా ఊడ్చి గోతంలోకి ఎత్తాడు. ఏటా వసంతంలో దాన్ని ముళ్ళకంచె మీద చల్లేవాడు, పిట్టలు గూళ్ళకు ఏరుకుపోయేవి. గోతం జీన్ల గదిలో మేకుకు తగిలించి, చాలా రోజుల తర్వాత ఈల వేసుకుంటూ టీ తాగడానికి వెళ్ళాడు.

మర్నాడు ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక దొరసాని కారు వాకిట్లో ఆగింది. పక్కనుంచి జెర్ హాన్రహన్ దిగాడు. గాల్టీ కొండ మీద గొర్రెలు కాసుకునే ఒంటిగాడు. నోరు పెద్దది, మనసు మంచిది.

“ఏం మోసీ, ఇంకా బతికే ఉన్నావా? పట్నం పోయి సూటు వేసుకున్నావేమో అనుకున్నా.”

“నీ ముఖానికి సబ్బు తగిలిన రోజు నేను సూటు వేస్తాలే.”

జెర్ నవ్వాడు. “సరే, ఏదీ మా కొత్త కోడలు? మా గాడిద ఉందే, దాని జోడు పోయినప్పట్నుంచి మేత మానేసి ఒకటే ఏడుపు. దానికి తోడుగా మీ ముసలమ్మను తోలుకుపోదామని వచ్చా. కొండ గడ్డి తింటుంది, నాతో పాటు ముసల్ది అవుతుంది. పూజలో దొరసానమ్మ పోయిన వారమే అడిగింది. చూసి చెప్తానన్నా.”

జెర్ కొట్టం సగం తలుపు మీదుగా తొంగి చూశాడు. రగ్గు చూశాడు. లోపలికెళ్ళి రగ్గు అంచు ఎత్తి, కింద నున్నటి చర్మం మీద అరచెయ్యి పెట్టాడు. నవ్వు పోయింది.

“మరియమ్మ తల్లీ! ఇదేంట్రా మోసీ? గొరిగేశావా?”

దొరసాని వచ్చి పక్కన నిలబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“నేను గొరగొద్దన్నాను, మోసీ.”

“అవునమ్మా.”

“మరి ఎందుకు?”

మోసీ టోపీ తీసి చేతిలో నలిపాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎందుకో ఆమెకు అప్పుడు అర్థమైంది.

“నేనే చెప్పాల్సింది” అంది. “జెర్ సరేనన్నాక చెబుదామనుకున్నా. ముందే ఆశ పెట్టడమెందుకని...”

“రగ్గు కప్పి పంపుదాం జెర్” అన్నాడు మోసీ. “రెండు రగ్గులిస్తా. మూడిస్తా.”

“ఒరే, నీకు తెలియనిదా? నా దగ్గర కొట్టం లేదు, పాక లేదు. నేనే గొర్రెల్లో గొర్రెలా పడుంటా. ఆ గాలికి రగ్గు నిలుస్తుందా? ముళ్ళపొదల్లో చీరుకుపోతుంది. ఆ మధ్య కేసీ వాళ్ళ పొట్టిగుర్రం ఏమైంది? రగ్గు కడుపు కిందికి జారి కాళ్ళకు చుట్టుకుని, పొద్దున్న చూస్తే గుంటలో చచ్చి పడుంది. పూటపూటా కొండెక్కి సర్దడానికి నా కాలు సహకరించదు.” జెర్ గొంతు తగ్గించాడు. “మే నెల దాకా ఎవరైనా కొట్టంలో పెట్టుకోనీ మోసీ. బొచ్చు వచ్చాక నేనొచ్చి తోలుకుపోతా. ఒట్టు.”

ఒక్క చలికాలం. అంతకంటే ఏమీ అక్కర్లేదు. తన కోటు తనకుంటే బ్రైడీ కొండ మీద గాడిద పక్కన హాయిగా మేస్తూ ఉండేది.

నవంబరంతా మోసీ సైకిలు మీద ఆ చుట్టుపక్కల సాలలన్నీ తిరిగాడు. తనకు తెలిసినవాళ్ళు, తను పని నేర్పినవాళ్ళు, ఒక్కరినీ వదల్లేదు. అందరూ టీ ఇచ్చారు, రొట్టె ఇచ్చారు, కొట్టం మాత్రం ఇవ్వలేదు. వేట మొదలైంది, కొట్టాలన్నీ నిండి ఉన్నాయి, ఎక్కడా జాగా లేదు. “పనికి రాని గుర్రానికి చలికాలమంతా గడ్డీ దాణా ఎవరు పెడతారు మోసీ? నువ్వైతే పెడతావా?” అన్నాడొకడు. పెడతాననే అన్నాడు. పెట్టడానికి తనకే ఇల్లు లేదు. దొరసాని కూడా ఫోన్లు చేసింది. ఒకచోట ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, దాని వయసు విని వద్దన్నారు. సాయంత్రాలు మోసీ రగ్గు కింద చెయ్యి పెట్టి, బొచ్చు ఎంత మొలిచిందో తడిమి చూసేవాడు. గరుగ్గా, పలచగా తగిలేది. ఊదితే పెరిగేది కాదు కదా అది.

నెలాఖరున ఒక ఉదయం మోసీయే దాన్ని బయటికి తీశాడు. ఎవరినైనా పంపుతానని దొరసాని అంటే వద్దన్నాడు. రెండు రగ్గులు కప్పాడు, కాళ్ళకు పట్టీలు చుట్టాడు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. బ్రైడీ చెవులు నిక్కించి చలాకీగా నడిచింది. ఆ దారి దానికి తెలుసు, వేట రోజుల్లో వెళ్ళే దారే. దూరంగా కుక్కల అరుపులు వినగానే పిల్లగుర్రంలా గంతు వేసింది. మోసీ గుండె అక్కడికక్కడే పగిలింది.

దొడ్డి దగ్గర వేటకుక్కల పెద్ద కాన్ ఎదురొచ్చాడు. మోసీ ఈడువాడే.

“పగ్గం నాకియ్యి. నువ్వు ఇంటికి పో.”

“నేనే పట్టుకుంటా.”

“సరే. ఆ రగ్గులు తియ్యి, పాడవుతాయి.”

“చలేస్తుంది దానికి.”

“ఒక్క నిమిషమేరా మోసీ.”

“ఆ నిమిషం మాత్రం చలెయ్యదా?”

కాన్ వెళ్ళి తుపాకీ తెచ్చాడు. బ్రైడీ తల తెచ్చి మోసీ భుజం మీద గడ్డం పెట్టింది. ఇన్నేళ్ళూ అలా పెట్టినప్పుడు మోసీ ఎలా కదల్లేదో, ఆ ఉదయం కూడా అలాగే కదల్లేదు. “ఇక పక్కకు తప్పుకో” అని కాన్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం బస్సుకే పట్నం వెళ్ళాడు. జిల్లాలో అంతటి చెయ్యి లేదని ఆ తర్వాత కూడా చాలామంది వచ్చి మా గుర్రాన్ని గొరుగు మోసీ అని బతిమాలారు. కళ్ళు కనబడ్డం లేదనేవాడు. పేపర్లో పందేల పేజీ మాత్రం అద్దాల్లేకుండా చదివేవాడు. గొరిగే మిషను కొట్టం కిటికీలోనే వదిలేసి వచ్చాడని కొందరన్నారు, బావిలో పారేశాడని కొందరన్నారు.

బస్సు దిగి వచ్చిన ఆ రాత్రి ఫిలోమినా తలుపు తీసేసరికి తమ్ముడు ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో గోతం పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి సంచి ఎక్కడో పడేశాడు. గోతాన్ని మాత్రం నెమ్మదిగా, పొయ్యి దగ్గర వెచ్చగా ఉన్నచోట పెట్టాడు.

“ఏముంది అందులో?” అంది ఫిలోమినా.

“కోటు.”

“ఎవరిది?”

“బ్రైడీది.” మోసీ టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “నేను తీసేసుకున్నా ఫిలో. చక్కగా మొలిచిందక్కా, కొండ మీద చలికి సరిపోయేది. నేనే తీసేసుకున్నా.”