డబ్బాలో వక్కపలుకు

నా చిన్నప్పుడు మా పాలెంలో ఎవరైనా ఇసుకలో ఉమ్మితే వెంటనే కాలితో ఇసుక తోసి కప్పేసేవాళ్ళు. మన ఉమ్ము పరాయివాళ్ళకు చిక్కితే దాంతో చేతబడి చేయిస్తారని భయం. నాయనను కన్న మా అవ్వకు ఆ భయం మరీ ఎక్కువ. చేపలగంప నెత్తిన పెట్టుకుని ఇందుకూరుపేట దాకా తిరిగేది కానీ, ఒక్క మనిషిని నమ్మిన పాపాన పోలేదు.

అలాంటిది, నాయన దగ్గి దగ్గి వల లాగలేక పడవలోనే కూలబడ్డాక, పట్నంలోని సర్కారు గుండె, ఊపిరితిత్తుల ఆసుపత్రికి పోక తప్పలేదు. తోడుగా అవ్వ, అవ్వ కొంగు పట్టుకుని నేను. అక్కడి సిస్టరమ్మ ఒక చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున్నే నాయన తెమడ అందులో పట్టి ఇమ్మంది.

"ఊరికే మందిచ్చేవాళ్ళకి నా కొడుకు ఉమ్ముతో ఏం పని మే?" అని అవ్వ నా చెవిలో గొణిగింది. మర్నాడు నన్ను కాపలా పెట్టి, నాయన ఇచ్చిన డబ్బాను గోడ చాటున ఇసుకలో ఒంపి, కాలితో కప్పి, ఖాళీ డబ్బాలో తనే ఉమ్మింది. "తగిలితే ముసలిదాన్ని, నాకే తగలనీ" అంది.

పరీక్షలో జబ్బేమీ లేదని వచ్చింది. అవ్వ నావైపు గెలిచినట్టు చూసింది. నాయన మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాడు. ఒకనాడు దగ్గితే తువ్వాలుకు నెత్తురంటింది. మళ్ళీ అదే ఆసుపత్రి, మళ్ళీ డబ్బా, మళ్ళీ నా కాపలా. నాయన చచ్చిపోతాడేమోనని ఒకటే భయం. అయినా పాడు నోరు, విప్పితేనా!

ఈసారి సిస్టరమ్మకూ అనుమానం వచ్చినట్టుంది. మూత తీసి చూసింది. లోపల చిన్న వక్కపలుకు. నాయనను నోరు తెరవమంది. ఆకూ వక్కా ఎరగని తెల్లటి పళ్ళు. ఆమె మెల్లగా అవ్వ ఎర్రటి పెదాల వైపు తిరిగింది. నేను అవ్వ వెనక్కి నక్కాను.

సిస్టరమ్మ తిట్టలేదు. అవ్వ పక్కనున్న ఖాళీ గంపను చూపించి, "అవ్వా, మొప్ప ఎత్తి చూడకుండా నీ దగ్గర చేప ఎవరన్నా కొంటారా? లోపలేముందో చూడకుండా నేను మందెట్టా ఇచ్చేది?" అని అడిగింది.

"ముక్కూమొహం తెలీనోళ్ళకి నీ ఉమ్మయితే ఇస్తావా పాపా?" అని అవ్వ ఎదురు తిరిగింది.

సిస్టరమ్మ ఇంకో డబ్బా తీసి, అందులో తాను ఉమ్మి, మూత బిగించి అవ్వ చేతిలో పెట్టింది. "నీ కొడుకు కోలుకునేదాకా దాచిపెట్టుకో. మావల్ల ఆయనకి ఏమన్నా అయితే, నీకు తోచింది చేయించు."

అవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసి కొంగున ముడేసుకుంది. మర్నాడు అవ్వ నాయన ఇచ్చిన డబ్బా జోలికి పోలేదు. క్షయ అని తేలింది. నాయన నెలల తరబడి మాత్రలు మింగాడు. ఆ నెలలన్నీ సిస్టరమ్మ డబ్బా మా ఉట్టిలోనే ఉంది. అవ్వ రోజూ మూత బిగింపు చూసుకునేది.

నాయన మళ్ళీ పడవెక్కిన రోజు, అవ్వ ఆ డబ్బాను ఒడ్డుకు తీసుకుపోయి లోతుగా గొయ్యి తీసి ఒంపింది. ఇసుక తోసి, కాలితో గట్టిగా తొక్కింది. "ఆ పిల్ల ఉమ్ము ఎవుడి చేతికీ చిక్కకూడదు మే" అంది. అవ్వ కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదలు.

నాకూ అవ్వ బుద్ధే వచ్చింది. ఎవరినీ తొందరగా నమ్మను, నమ్మమని బతిమాలేవాణ్ణి అసలే నమ్మను. కానీ ఎదుటివాళ్ళు నన్ను నమ్మవలసి వచ్చినప్పుడు, ముందు నా డబ్బా వాళ్ళ చేతిలో పెడతాను.