మైకులో వినబడిన తిట్లు

ఆ బస్టాండులో ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. డ్రైవర్లకూ, కండక్టర్లకూ, టీ కొట్టాయనకూ ఆమె మైకమ్మే. విచారణ గదిలో అద్దం వెనక కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పన్నెండేళ్లుగా చెబుతోంది. దారి తప్పినవాళ్లకీ, సంచి పోగొట్టుకున్నవాళ్లకీ ఎంతో ఓపిగ్గా బదులిచ్చే మనిషి, తన విషయంలో మాత్రం మహా కటువు. పెన్ను కిందపడినా "చేతులున్నాయా అసలు?" అని గొణుక్కుంటుంది. ఆ గొణుగుడు గది దాటి ఎప్పుడూ పోలేదు గనక, అదొక అలవాటని ఆమెకే తెలియదు.

ఆ రోజు పొద్దున్నే పంపులో నీళ్లు రాలేదు. బిందె పట్టుకుని కిందికి దిగి ఎక్కేలోపు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే కరెంటు పోయింది. బస్టాండు చేరేసరికి పావుగంట ఆలస్యం. అప్పటిదాకా డ్యూటీలో ఉన్నావిడ మొహం ముడుచుకుని, "చార్టు అక్కడుంది, చూసుకో" అనేసి వెళ్లిపోయింది. ఊపిరి కుదుటపడకముందే ఆమె మైకు నొక్కి, ఎనిమిదిన్నర బస్సు ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉందని చెప్పింది.

చార్టులో ఆ బస్సుకు ఉన్నది తొమ్మిదో నంబరు. ఆమె పై వరసలోని అంకె చదివింది.

అద్దంలోంచి చూస్తే జనం ఆరో నంబరు వైపు పరుగులు తీస్తున్నారు. గబగబా సరిదిద్ది చెప్పింది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు వెనక్కి ఉరికి బస్సు అందుకున్నారు. చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడను తోసుకెళుతున్న నడివయసు మనిషి మాత్రం సగం దారిలోనే ఆగిపోయాడు. బస్సు గేటు దాటింది.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "మా అమ్మకి ఇవాళ కంటి ఆపరేషనండీ. పదింటికల్లా చేరి చుక్కల మందు వేయించుకోవాలి. తర్వాతి బస్సెప్పుడు?"

"తొమ్మిదీ పదికి. తప్పు నాదేనండీ."

"చూద్దాం లెండి," అని వెళ్లిపోయాడు. నాలుగు కేకలేసినా బాగుండేది అనిపించింది ఆమెకి.

అంతలో స్టేషను మేనేజరు ఫోను. పదింటికి గదికి రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు.

ఆపరేషను వాయిదా పడితే? ఇంకో నెల దాకా పిలవకపోతే? ఈలోగా ఆవిడకి ఉన్న కాస్త చూపూ పోతే? తర్వాతి బస్సు వివరం మూడుసార్లు వేలు పెట్టి చదువుకుని మరీ ప్రకటించింది. ఆపేటప్పుడు కంగారులో స్విచ్చిని సగమే నొక్కింది. మైకు ఆగలేదు.

"బుద్ధిలేనిదానా," అంది తనతో తాను. "ఒక్క అంకె చదవటం చేతకాదా నీకు? ఇంట్లో పనికిరావు, ఇక్కడా పనికిరావు. నీలాంటిదాన్ని కూర్చోబెట్టినవాళ్లననాలి."

పది ప్లాట్‌ఫారాల మీదా ఆ మాటలు ఖంగుమన్నాయి. టీ కొట్టాయన గ్లాసు నింపుతూ ఆగిపోయాడు. ఒక డ్రైవరు ఇంజను ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. తలుపులు మూసిన గదిలో, ఫ్యాను రొదలో, ఆమెకు మాత్రం ఏమీ వినబడలేదు.

కాసేపటికి అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు. చూస్తే చక్రాల కుర్చీలో పెద్దావిడ. వెనక కొడుకు మొహమాటంగా నిలబడ్డాడు.

"అమ్మాయ్, లోపలున్న ఆఫీసరమ్మని ఒకసారి పిలువు," అందావిడ.

"ఏ ఆఫీసరమ్మండీ?"

"అదే, ఇందాక మైకులో, ఆ నంబరు తప్పు చెప్పిన పిల్లని తిట్టినావిడ. పోయింది మా బస్సు. మాకు లేని కోపం ఆవిడకెందుకట? మనిషన్నాక పొరపాటు పడదూ?"

ఆమె మైకు వైపు చూసింది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. గబుక్కున ఆపేసింది. చెవులు కాలిపోయాయి.

"ఆఫీసరమ్మ ఎవరూ లేరు మామ్మగారూ. తిట్టిందీ నేనే, పడిందీ నేనే."

పెద్దావిడ కుర్చీలో ముందుకు వంగింది. "అయితే ఆ పిల్ల వైపు మాట్లాడేవాళ్లు లోపల ఒక్కళ్లూ లేరా?" అంది.

ఆమె అద్దానికి దగ్గరగా జరిగింది. "మీ ఆపరేషను తప్పిపోతేనో..."

"నాకూ గుండె దడగానే ఉందమ్మా. ఆస్పత్రివాళ్లు ఫోను ఎత్తటం లేదు. ఈ దడ చాలదూ, దానికి తోడు తిట్లు కూడానా?"

ఆమె వెంటనే నంబరు అడిగి ఆఫీసు ఫోను అందుకుంది. నాలుగోసారికి ఒక నర్సు పలికింది. "ఆలస్యమైనా తీసుకురండి. డాక్టరుగారితో చెప్పి చూస్తాను. గ్యారంటీ ఏం లేదు," అంది. తొమ్మిదీ పదికి మైకమ్మే వెళ్లి, కొడుక్కి ఆఫీసు నంబరు రాసిచ్చి, కుర్చీని బస్సెక్కించి వచ్చింది.

పదింటికి వెళ్లి మేనేజరు ముందు నిలబడింది.

"ప్లాట్‌ఫారం సంగతి తర్వాత. మీరు మైకులో ఎవర్ని తిట్టారు? ముగ్గురు ఫిర్యాదు రాశారు."

"నన్నే సార్."

ఆయన కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. "సంజాయిషీ రాసివ్వండి."

'బుద్ధిహీనంగా ప్రవర్తించి' అని మొదలుపెట్టింది. ఆ మొదటి మాట దగ్గర ఆగి, కొట్టేసింది. ఆలస్యంగా వచ్చిన కంగారులో పై అంకె చదివానని, మైకు ఆగిందనుకుని తనను తాను తిట్టుకున్నానని, ఇకమీదట చార్టు చూసుకున్నాకే మైకు నొక్కుతానని రాసింది.

"ఇకపై తిట్టుకోను అని రాయలేదే?" అన్నాడాయన చదివి.

"అది మాటివ్వలేను సార్. చూస్తాను."

ఆయన మీసం కొద్దిగా కదిలింది. నవ్వో కాదో ఆమెకు తెలియలేదు. "దీన్ని ఏ ఫైల్లో పెట్టాలో అర్థం కావటం లేదు. మళ్లీ ఇలా జరిగితే మాత్రం మైకు నుంచి తప్పిస్తాను," అన్నాడు.

ఆ బెదురుతోనే మధ్యాహ్నం గడిచింది. ఫోను మోగినప్పుడల్లా మొదటి గంటకే ఎత్తింది. మూడింటికి పెద్దావిడ కొడుకు మాట్లాడాడు. అందరికన్నా ఆఖర్న పిలిచారట గానీ, ఆపరేషను అయిందట. "కట్టు రేపు విప్పుతారండీ. చూపు సంగతి అప్పుడే తెలుస్తుంది," అన్నాడు. బరువు సగమే దిగింది.

నాలుగింటికి ఆమె ఎక్స్‌ప్రెస్ బస్సును ఆర్డినరీ అని చదివింది. వెంటనే సరిదిద్ది చెప్పి, మైకు ఆపి, దీపం ఆరిందో లేదో చూసుకుంది. నోటిదాకా "బుద్ధి..." అని వచ్చేసింది. పళ్లు బిగబట్టింది.

"కంగారు పడ్డావు. పొద్దుట్నుంచీ ఏం తినలేదు నువ్వు," అంది మెల్లగా. ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు ఎబ్బెట్టుగా ఉంది. గుండె దడ తగ్గనూ లేదు. అయినా సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పింది. తర్వాతి బస్సుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి.